రెండు కాలేజీల బావినీళ్లు

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. ఆళ్లగడ్డలో బంధువుల ఇంట్లో ఉండి హైస్కూలు చదువు ముగించాను. ఇంటర్మీడియట్‌కు రెండు కాలేజీలకు దరఖాస్తు పెడితే రెండూ రమ్మన్నాయి. రైలుదారిలో నంద్యాలకు తూర్పున ఒకటి, పడమర ఒకటి. తూర్పు కాలేజీలో నాకు దొరికింది చరిత్ర, తర్కశాస్త్రం గ్రూపు. పడమటి కాలేజీలో లెక్కల గ్రూపు. నాకు లెక్కలే కావాలి. చరిత్రలో రాజుల వరసే నాకు గుర్తుండదు. ఎక్కడ చేరేదీ వారంలోగా ఉత్తరం రాయాలి.

మా నాయన అహోబిలం గుడి వంటశాలలో వంటవాడు. ఉత్సవాలప్పుడు వందల మందికి పులిహోర, దద్దోజనం చేసిన చెయ్యి. రెండు ఉత్తరాలూ నాతో రెండుసార్లు చదివించుకుని, కాలేజీలు రెండూ స్వయంగా చూస్తేగాని చెప్పనన్నాడు. గ్రూపుల తేడా నేను విడమరిచి చెప్పాను. ఆయన విన్నాడు. విని, ఇంట్లోకి వెళ్లి ఒక కుంపటి, గోనెసంచిలో బొగ్గులు, ఇత్తడి గిన్నె, చిన్న మూటలో కందిపప్పు తెచ్చి వరండాలో పెట్టాడు.

ఆయన లెక్క వేరు. నేను రెండేళ్లు అక్కడ గది తీసుకుని స్వయంగా వండుకు తినాలి. కందిపప్పు ఉడకని నీళ్లు తాగేవాడికి ఏ చదువూ ఒంటబట్టదని ఆయన నమ్మకం. ఎండాకాలంలో వంటశాల బావి ఎండి వేరేచోటి నుంచి నీళ్లు మోయించినప్పుడల్లా పప్పు ఎలా బిరుసెక్కేదో ఆయన చూసినవాడు. అందుకని రెండు ఊళ్లలోనూ ఒకే పప్పు, ఒకే గిన్నె, ఒకే కుంపటి. ఆయన సంధ్యావందనం ముగించి లేచేలోపు పప్పు మెత్తబడాలి. నేనప్పటికే రోజూ డైరీ రాసేవాణ్ణి కాబట్టి వివరాలు రాసిపెట్టే పని నాకు అప్పగించాడు.

ముందు తూర్పుకు వెళ్లాం. తెల్లవారుతుండగా రైలు దిగి, స్నానాలు చేసి కాలేజీకి చేరాం. ప్రిన్సిపాల్ పెద్దమనిషి. ఇంత దూరం తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి చూసి ముచ్చటపడి, కాలేజీ గురించి ఏ సందేహమున్నా అడగమన్నాడు. నాయన అడిగింది ఒక్కటే.

"బావి యాడుందప్పా?"

బావి పక్కనే కుంపటి వెలిగించాం. నాయన ఇంకా జపంలో ఉండగానే పప్పు వెన్నలా అయింది. ఆయన వచ్చి ఒక పలుకు వేళ్ల మధ్య నలిపి, కాలేజీ చాలా బాగుందని గుమాస్తాతో చెప్పాడు. ఆనాటి డైరీలో నా రాత ఇప్పటికీ ఉంది: "పప్పు, ఉడికింది. తరగతి గదులు, చూడలేదు. గ్రంథాలయం, చూడలేదు. మధ్యాహ్నం రైలు."

ఆ రాత్రి నంద్యాల సత్రంలో పడుకుని, మర్నాడు పడమటి రైలెక్కాం. దారి పొడవునా నా ప్రాణం ఆ పప్పు మూటలోనే ఉంది.

పడమటి కాలేజీ హాస్టల్లో వంటమనిషి సంజామల వైపువాడు. మా సీమ యాస వినగానే పరుగున వచ్చి నాయనకు దండం పెట్టి, వంటింటి వెనక వరండాలో చోటు చూపించాడు. నాయన తూర్పు ముఖంగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను కుంపటి దగ్గర తెడ్డుతో కూర్చున్నాను. నీళ్లు తెర్లుతున్నాయి. పప్పు మాత్రం గిన్నెలో గులకరాళ్లలా గలగలమంటోంది. ఒక పలుకు కొరికి చూస్తే పన్ను కదిలింది. నాయన ప్రాణాయామం అయిపోయింది, అర్ఘ్యం అయిపోయింది. నా కళ్ల ముందు రాజులందరూ వరస తప్పి నిలబడ్డారు.

వంటమనిషి నా పక్కన గొంతుక్కూర్చుని గుసగుసగా చెప్పాడు. "అప్పా, మా బావినీళ్లల్లో అది రేపటికి కూడా ఉడకదు. ఇంద, సోడా ఉప్పు. రోంత ఎయ్యి."

చిటికెడు అన్నట్టు రెండు వేళ్లు కలిపి చూపి, కాగితం పొట్లం నా చేతిలో పెట్టి తన పొయ్యి దగ్గరకు వెళ్లిపోయాడు. నేను నాయన వీపు చూశాను, పప్పు చూశాను, పొట్లమంతా గిన్నెలో కుమ్మరించాను.

ముందు ఒక బుసలాంటి చప్పుడు. తర్వాత పచ్చటి నురుగు గిన్నె అంచు దాటి పైకి లేచింది. తెడ్డుతో నొక్కితే రెండింతలు లేచింది. కుంపటి మీద పొర్లి నిప్పులు ఆర్పేసి, వరండా గచ్చు మీదుగా ఆఫీసు గది వైపు నింపాదిగా బయలుదేరింది. నేను పైపంచెతో అడ్డుకట్ట వేశాను. నురుగు దాన్నీ దాటింది. సరిగ్గా అప్పుడే ఆ కాలేజీ ప్రిన్సిపాల్ అటు వచ్చి, బూట్ల ముందు ఆగిన నురుగును కళ్లజోడు సవరించుకుని చూశాడు. ప్రయోగాలు రసాయనశాలలోనే చేయాలని నాతో ఇంగ్లీషులో అన్నాడు. నేనెవరో కనుక్కుని, నాకు వచ్చిన సీటు లెక్కల గ్రూపులోనే కదా అని కూడా అడిగాడు. అవునండీ అన్నాను. ఆయన నురుగు చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

నాయన జపం ముగించి వచ్చాడు. ఆరిన కుంపటిని, నా పంచెను చూశాడు. గిన్నెలో మిగిలిన పప్పు పలుకు ఒకటి నలిపాడు. మెత్తగానే ఉంది. వాసన చూశాడు. గిన్నె కడిగి సంచిలో పెట్టాడు. నంద్యాల రైలెక్కాం. డైరీలో ఏం రాయాలో తెలియక ఆ పుట ఖాళీగా వదిలాను.

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాం. పెట్రోలు కరువు కాబట్టి అప్పుడన్నీ వెనక పొయ్యి కట్టిన బొగ్గు బస్సులే. సగం దారిలో బొగ్గు చాలక బస్సు ఆగింది. అందరం దిగాం. డ్రైవరు దిక్కులు చూస్తుంటే నాయన వెళ్లి తన గోనెసంచి ఇచ్చాడు. కుంపటి తొందరగా ఆరిపోవడంతో బొగ్గు చాలానే మిగిలింది. డ్రైవరు బొగ్గు పోసి, పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పుతుండగా నాయన నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"సోడా ఎంత ఏసినావు?"

"పొట్లమంతా, నాయనా."

"ఆ వంటాయప్ప ఎంత ఎయ్యమన్యాడు?"

"రోంత."

నాయన ఖాళీ గోనెసంచి దులిపి చంకన పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లుగా పొయ్యికాడ ఉండా. సోడా వాసన నాకు తెలీదనుకుంటివా? పొమ్మంటే ఆ చరిత్ర కాడికి పోతావేమో గాని, రోంతకూ పొట్లానికీ తేడా తెలీని నాకొడుకువి, నీకు లెక్కలు రాకుంటే ఎట్లరా? పో, ఆడనే చేరు."

బస్సు కదిలింది. మా బొగ్గుతోనే ఆళ్లగడ్డ చేరాం. ఆ సాయంత్రమే పడమటి కాలేజీకి ఉత్తరం రాసి పోస్టులో వేశాను.

కాలేజీలో చేరిన మొదటి నెలలో నాయన ఒక మూట పంపాడు. విప్పితే అందులో కందిపప్పు లేదు. ఏ నీళ్లలోనైనా ఉడికే పెసరపప్పు ఉంది. రెండేళ్లు అదే తిన్నాను.