విప్పడానికి కుట్లు లేని ఆపరేషన్

మా రేపల్లెలో ఆపరేషన్ గొప్పతనాన్ని కుట్లతో కొలుస్తారు. ఏం జబ్బు, ఏం తీశారు అన్నవి తర్వాతి సంగతులు. ముందు "ఎన్ని కుట్లు?" అని అడుగుతారు. ఎదురింటి పిన్నిగారికి పేగు ఆపరేషన్‌లో పద్నాలుగు పడ్డాయి. ఆ పద్నాలుగు మీదే ఆవిడ ఏళ్ళ తరబడి మా వీధిని ఏలుతున్నారు.

రెండువేల తొమ్మిది వేసవి చివర్లో నాకు తెనాలిలో గర్భసంచి తీసేశారు. బడి మొహం చూడకుండా, నాన్న పక్కన కూర్చుని బైబిల్లో అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక, డాక్టరమ్మ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. కొత్త రకం దారమట. ఒంటినిండా కంటికి ఆనని ముళ్ళు. చేలో నడిస్తే పావడా అంచుకు పట్టుకుని పైపైకే పాకే గడ్డిగింజల్లాగా, ముందుకు లాగితే వస్తుంది, వెనక్కి జారదు. అందుకని ముడి అక్కర్లేదు. లోపలా, చర్మం కిందా దాంతోనే కుట్టారు.

"బయటికి కుట్టు కనపడదమ్మా. అలాగని లోపల మానిపోయిందనుకోకు. ఆరు వారాలు బిందె ఎత్తొద్దు, లోపలి కుట్లు విడిపోతాయి," అన్నారు.

ఆ చేతులకు అంత నేర్పు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కనపడకుండా కుడితే వచ్చే చిక్కు అప్పటికి నాకు తెలియదు.

సాయానికి బాపట్ల నుంచి మా వదిన, అంటే మా వారి అక్కగారు, వచ్చారు. బ్రెడ్డూ అరటిపళ్ళూ పట్టుకుని చూడ్డానికొచ్చిన మా చర్చి సంఘం ఆడవాళ్ళందరి ముందూ మాటిచ్చారు. "కుట్లు విప్పేదాకా ఇది మంచం దిగడానికి వీల్లేదు. నీళ్ళూ వంటా నావి."

ఇంటికొచ్చిన మూడో రోజున పట్టీ మారుస్తూ ఆగిపోయారు.

"ఏంటమ్మాయ్ ఇది? కుట్లేవి?"

"లోపలున్నాయి వదినా."

"లోపలుంటే విప్పేదెట్టా?"

"విప్పక్కర్లేదంటండి."

వదిన పిన్నిగారిని పిలిచారు. పిన్నిగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "పిల్లి గీరినట్టుంది. దీనికి తెనాలి దాకా ఎందుకమ్మా!" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు కుళాయి వచ్చే వేళకు నా మంచం పక్కన ఖాళీ బిందె వెలిసింది. మా వదిన బలవంతం చేసే మనిషి కాదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. బిందె అక్కడ పెట్టి, నడుం పట్టుకుని నిట్టూర్చారు, అంతే. మా వారు పేపర్లో వాతావరణం గురించి చాలా లోతుగా చదువుతున్నారు.

నాకు భయమేసింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "తెనాలిలో చూపించుకునే రోజు దాకా ఆగుదాం వదినా. కుట్ల సంగతి మీరే అడుగుదురు గాని," అన్నాను. ఆవిడకు ఆ ఆలోచన నచ్చింది. నా నాటకాన్ని డాక్టర్ ముందే బయటపెట్టొచ్చు.

పదో రోజున రైలెక్కి తెనాలి వెళ్ళాం.

"డాక్టరమ్మా, దీని కుట్లు ఎప్పుడు విప్పుతారండీ?"

"విప్పేవి కావండి. వాటంతటవే కరిగిపోతాయి."

"ఎప్పటికండీ?"

"దారం పూర్తిగా కరగడానికి ఆరు నెలలు పట్టొచ్చు. బరువులెత్తకుండా ఉండాల్సింది మాత్రం ఆరు వారాలే."

వదిన ఆరు నెలల దగ్గరే ఆగిపోయారు. తిరుగు రైలు భట్టిప్రోలు దాటేదాకా వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ కూర్చున్నారు.

"అంతమందిలో అన్నాను. మాటంటే మాటే," అన్నారు చివరికి. "క్రిస్మస్ దగ్గరికొచ్చేస్తుంది కదే!"

ఇంటికి రాగానే పిన్నిగారి గుమ్మం ముందు నిలబడ్డారు. "మీ పద్నాలుగూ వారానికే విప్పేశారు కదండీ? మా దానివి ఆరు నెలలుంటాయంట!" పిన్నిగారు ఆ సాయంత్రం వీధరుగు మీదికి రాలేదు.

బాపట్ల నుంచి వదినగారి కోడలు ఫోన్ చేసింది. నా కోసం రోజూ ప్రార్థన చేస్తోందట. వాళ్ళత్తగారిని తొందరపడి పంపొద్దని మరీ మరీ చెప్పింది.

ఆరు వారాలు నిండిన రోజు నా మనసు ఊరుకోలేదు. లేచి బిందె అందుకున్నాను.

"వదినా, డాక్టరమ్మ బరువులకు చెప్పింది ఆరు వారాలేనండి. నేనిప్పుడు మోయొచ్చు."

"దారం లోపలుందా, లేదా?"

"ఉందండి."

"అయితే మాట్లాడకుండా పడుకో."

బిందె లాక్కుని కుళాయికి వెళ్ళిపోయారు. నేను మంచం మీద కూర్చుని, ఆ దారాన్ని ఇంకొన్నాళ్ళు కరగనివ్వొద్దని దేవుణ్ణి అడిగాను.