జనవరి మామయ్య డ్రైవింగు నేర్చుకున్న ఏడాది

మా మామయ్యకి ఒకే ఒక్క జబ్బు. ప్రతి జనవరి ఒకటో తారీఖున కొత్త మనిషైపోతాడు. అందరూ అవుతారు కదా, అందులో వింతేముంది అంటారేమో! అందరూ మనసులో అవుతారు, మహా అయితే పెళ్ళానికి చెప్పి అవుతారు. మా మామయ్య వీధి వీధంతా చాటి మరీ అవుతాడు. ఆయనకో బేకరీ ఉంది. గుమ్మం పక్కన రొట్టెల ధరలు రాసే నల్లబోర్డు ఉంది. ఆ రోజు పొద్దున్నే ధరలన్నీ తుడిచేసి, ఇంతలేసి అక్షరాలతో రాస్తాడు: "ఈ బేకరీ యజమాని నేటి నుంచి మారిపోయినాడు. అనుమానం ఉన్నవారు లోపలికి వచ్చి చూడవచ్చును." జనం నిజంగానే వచ్చి చూసేవారు. చూశాక ఉత్త చేతులతో వెళ్ళలేక మొహమాటానికో బన్ను కొనేవారు. అందుకే మా అత్తయ్య ఎన్నడూ ఆ బోర్డు జోలికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆ కొత్త మనిషి జాడ ఉండేది కాదు. పాత మామయ్యే పాత బనీనులో పాత కుర్చీలో కూర్చుని ఉండేవాడు. అందుకే వీధిలో ఆయనకి "జనవరి గారు" అని పేరు పడిపోయింది. మొహం మీదే అలా పిలుస్తారు. ఈయన పలుకుతాడు కూడా!

ఆ బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనే. ఆయన సొంత అక్క కూతుర్ని. కాబట్టి ఏటేటా ఆ మార్పు తాలూకు తలనొప్పి మొదట నాకే వచ్చేది.

కోపం మానేసిన ఏడాది సంగతి చెబుతాను. మామయ్యకి ఒక్కడే మారడం చేతకాదు, తోడు కావాలి. ఆ ఏడు మా ఓవెన్ దగ్గర పనిచేసే మాస్టర్ దొరికాడు.

"మాస్టర్, ఇవాళ్టి నుంచి మనిద్దరం కోపం మానేస్తున్నాం."

"నాకు కోపమెక్కడుందండీ?" అంటూ మాస్టర్ చేతిలో ట్రే నేలకేసి కొట్టాడు. ముందు రోజు కేకు మాడిందని కొట్టినప్పటి సొట్టలు ఆ ట్రేకి ఇంకా అలాగే ఉన్నాయి.

కోపం వస్తే పెరట్లోకి వెళ్ళి, అది దిగేదాకా గోడవైపు తిరిగి నిలబడాలని మామయ్య రూలు పెట్టాడు. ఇక చూసుకోండి! "జనవరి గారు లేరా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ఉన్నారండీ, గోడ దగ్గర" అని చెప్పడమే నా ఉద్యోగమైపోయింది. ఓ రోజు పిండి సప్లై చేసే ఆయన పురుగుపట్టిన బస్తా తెచ్చాడు. మామయ్య ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, మూడు వీధులు దద్దరిల్లేలా గోడని తిట్టాడు.

"ఇదేం కోపం మానేయడం మామయ్యా?"

"గోడని తిట్టకూడదని రూల్లో లేదే పిల్లా!" అన్నాడు రొప్పుతూ. మాస్టర్ పాపం ఓవెన్ వదిలేసి వచ్చి, ఆయనకి మంచినీళ్ళిచ్చి, వీపు రాసి లోపలికి తీసుకెళ్ళాడు.

ఇంకో ఏడు పరుగు మొదలుపెట్టాడు. దానికి తోడు ఎదురుషాపు టైలర్. ఒంట్లో షుగరుంది, కదలవయ్యా అని చెప్పి చెప్పి డాక్టరు విసిగిపోయిన మనిషి. మామయ్య కొత్త బూట్లు కొన్నాడు, ఓ విజిల్ కొన్నాడు, నుదుటికి పట్టీ కట్టాడు. చూడ్డానికి పతకం తెచ్చేస్తాడన్నట్టే ఉన్నాడు. తీరా వీధి మలుపు దాకా పరిగెత్తి, అక్కడి మెట్ల మీద చతికిలపడ్డాడు.

"నువ్వెళ్ళి రావయ్యా. నేనిక్కడ కూర్చుని నీ టైము చూస్తా."

"మీ చేతికి వాచీ లేదు కదండీ?"

"నాకు మనసులో తెలుస్తుంది. పరిగెత్తు!" అని విజిల్ ఊదాడు.

టైలర్ పరిగెత్తాడు. మామయ్య అక్కడే కునుకు తీశాడు. ఇదే తంతు నెలంతా. ఆ తరవాతి ఏడు ఫ్లూటు పట్టాడు. దాని గురించి ఎక్కువ చెప్పను. మా వీధి కుక్కలు పక్క వీధికి కాపురం మార్చాయని మాత్రం చెబుతాను.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి. ఆ బేకరీ వ్యాను ఏళ్ళ తరబడి నడిపింది మా అమ్మే. స్కూళ్ళకి, ఆసుపత్రి క్యాంటీనుకి, టీ కొట్లకి రొట్టెలన్నీ ఆవిడే వేసి వచ్చేది. వ్యాను మలుపు తిరక్కముందే ఆవిడ నవ్వు వినబడేది. ఆ నవ్వు విని టైలర్ గారి భార్య టీకి నీళ్ళు పెట్టేది. ఓ రోజు పొద్దున జోరుగా వాన. మలుపులో వ్యాను జారి గోడకి కొట్టుకుంది. పక్కన కూర్చున్న మా నాన్నకి కాలు విరిగింది. అది అతుక్కుంది, ఆయన శుభ్రంగా నడుస్తున్నాడు. "ఇప్పుడు వానొచ్చే ముందే ఈ కాలు చెప్పేస్తుంది, లాభమే కదా!" అంటాడు కూడా. కానీ అమ్మ మాత్రం ఆ రోజే తాళాలు అత్తయ్య చేతిలో పెట్టేసింది. పెట్టి, బేకరీ వెనక గదిలో కేకు డబ్బాలు మడతపెట్టే పనిలో కూర్చుండిపోయింది. ఇంటి నుంచి ఆ గది, ఆ గది నుంచి ఇల్లు. నవ్వు సరే, మాటే కరువైపోయింది. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. నాన్న బతిమాలాడు. "ఇక్కడ బాగానే ఉందిగా" అనేది, అంతే. మా అమ్మ ఉండి కూడా లేనట్టే అయిపోయిందని నాకెంత బెంగగా ఉండేదో!

వ్యానుకి డ్రైవర్ని పెట్టుకున్నాం. అతను ఆ డిసెంబరులో, వేరే చోట ఉద్యోగం దొరికిందని చెప్పి సెలవు తీసుకున్నాడు. జనవరి ఒకటిన నేను బేకరీకి వచ్చేసరికి బోర్డు మీద ఇలా ఉంది: "ఈ బేకరీ యజమాని డ్రైవింగు నేర్చుకొనును. పాదచారులు గమనించగలరు."

"నీకెవరు నేర్పుతారు మామయ్యా?" అన్నాను.

"ఇంకెవరు? అక్క."

వెనక గదిలో డబ్బాల చప్పుడు ఆగిపోయింది. "నేను బండి ముట్టుకోను," అంది అమ్మ లోపలి నుంచే.

"ముట్టుకోమని ఎవరన్నారు? పక్కన కూర్చుని తిట్టు. తిట్టడం కూడా మర్చిపోయావా ఏంటి?"

"నాకు భయంరా."

"నాకు మాత్రం లేదా? భయం లేకపోతే తోడెందుకు అడుగుతాను అక్కా?"

ఆయన గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. టిఫిన్ చేయనన్నాడు, ఓవెన్ దగ్గరికి వెళ్ళనన్నాడు, గిరాకీ వస్తే "మా అక్క రానంటోంది" అని వాళ్ళకి ఫిర్యాదు చేశాడు. పోరు పడలేక అమ్మ లేచింది.

మైదానంలో మొదటి రోజు నేను వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చున్నాను. ఆ రోజు బతికి బయటపడ్డానంటే నా అదృష్టమే.

"అక్కా, ఈ మూడింట్లో బ్రేకేది?"

"మధ్యది."

"మరి అటూ ఇటూ ఉన్నవి దేనికి?"

అమ్మ కళ్ళు మూసుకుంది. వ్యాను ఓ గెంతు గెంతి ఆగింది. మళ్ళీ గెంతింది. ఎండ కాస్తుంటే వైపర్లు ఆడాయి. ముందుకి వెళ్దామంటే వెనక్కి వెళ్ళింది. బంతాట ఆడుతున్నవాళ్ళు బంతి వదిలేసి పారిపోయారు. హారన్ మీద పెట్టిన చెయ్యి ఎలా తీయాలో మామయ్యకి తోచలేదు. చుట్టూ జనం పోగై పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

మొదట్లో అమ్మ నోరు విప్పలేదు, తలుపు పిడి పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. కొన్నాళ్ళకి "క్లచ్చి" అంది. తరవాత "క్లచ్చిరా, క్లచ్చి!" అని అరిచింది. ఆ తరవాత, "నీకు కాళ్ళిచ్చిన దేవుణ్ణి అనాలిరా!" అంది. ఆ మాట విని వెనకాల నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా అమ్మ తిట్లు తిరిగొచ్చాయి!

ఇంతలో నెలాఖరు వచ్చింది. మామయ్యకి గేరు మార్చడం రాలేదు. ఇక మానేస్తాడు, అమ్మ మళ్ళీ డబ్బాల గదిలోకి వెళ్ళిపోతుందని నాకు భయం పట్టుకుంది. చిత్రం, ఆయన మానలేదు! ఫిబ్రవరిలో కూడా మైదానానికి బయల్దేరిన జనవరి గారిని చూసి వీధి ముక్కున వేలేసుకుంది.

ఓ రోజు పొద్దున తాత్కాలికంగా పెట్టుకున్న డ్రైవరు రాలేదు. ఆసుపత్రి క్యాంటీనుకి రొట్టెలు వెళ్ళాలి. "నేనే తీసుకెళ్తా, అక్కా నువ్వు పక్కన కూర్చో" అని మామయ్య వ్యానెక్కాడు. అమ్మ వద్దన్నా వినలేదు. నేను ట్రేలు పట్టుకుని వెనక కూర్చున్నాను. సగం దారిలో వాన మొదలైంది. పెద్ద కూడలి మధ్యలో వ్యాను ఆగిపోయింది. వెనక నుంచి ఒకటే హారన్లు. మామయ్య తాళం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, ఆఖరికి స్టీరింగు వదిలేశాడు.

"నా వల్ల కాదక్కా" అన్నాడు. అని, తలుపు తీసుకుని దిగి, ఆ వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు!

"ఒరేయ్! ఒరేయ్ వెధవా! ఆగరా!" అని అమ్మ కేకలు పెట్టింది. ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

అమ్మ స్టీరింగు వంక చూసింది. వాన వంక చూసింది. ఆవిడ మెల్లగా ఆ సీట్లోకి జరిగి, "ట్రేలు గట్టిగా పట్టుకో" అంది. బండి స్టార్టయింది. మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా కదిలింది.

కొంచెం దూరంలో ఫుట్‌పాత్ మీద మామయ్య తడిసి ముద్దై నడుస్తున్నాడు. అమ్మ పక్కనే ఆపి అద్దం దించింది.

"ఎక్కుతావా, నడిచే వస్తావా?"

"ఎక్కితే బండెవరు నడపాలి?"

"నేనే. నువ్వు నడిపితే రొట్టెలు తినేవాళ్ళు మిగలరు ఊళ్ళో!" అంది అమ్మ. అని, తన మాటకి తనే పకపకా నవ్వింది. అదే నవ్వు!

ఇక మర్నాటి నుంచి వ్యాను అమ్మదే. "ఈ ఏడు కూడా ఓడిపోయారన్నమాట జనవరి గారు" అని వీధిలో వాళ్ళు ఆటపట్టిస్తే, "అందరికీ అన్నీ రావు కదండీ" అని మామయ్య తలవంచుకునేవాడు. పాపం అనిపించేది.

ఆ జాలి నాకెంతోకాలం నిలవలేదు. ఓ మధ్యాహ్నం అమ్మ వ్యానుని బేకరీ వెనక సందులో అడ్డంగా ఆపి టైలర్ షాపుకి వెళ్ళింది. పిండి లారీ వచ్చి సందు మొదట్లో నిలబడింది. మామయ్య బన్ను తింటూ బయటికి వచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరనుకుని వ్యానెక్కాడు. సైకిలు తిప్పడానికే చోటు చాలని ఆ సందులో, ఓ చేత్తో బన్ను తింటూ, ఓ చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఒక్క పట్టున వెనక్కి తీసి గోడ వారగా అతికించినట్టు ఆపాడు. నేను కిటికీలో నిలబడి అంతా చూశాను.

"మామయ్యా!"

బన్ను గొంతుకడ్డం పడింది. "చూశావా?" అన్నాడు దగ్గుతూ.

"చూశాను."

"ఎంతవరకు?"

"బన్నుతో సహా."

ఆయన గబగబా కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఒసేయ్, నీకు పుణ్యముంటుంది, అమ్మకి చెప్పకే. తెలిసిందంటే ఒళ్ళు మండి మళ్ళీ ఆ గదిలో కూర్చుంటుంది."

"మరి వీధంతా నిన్ను చూసి నవ్వింది కదా మామయ్యా!"

"నవ్వితే ఏం పోయింది? కొత్తగా మొదలెట్టేవాళ్ళకి భయం దేనికే? అందరూ తమనే చూస్తారని. పక్కనే నాలాంటి దద్దమ్మ ఒకడు ఇంకా ఘోరంగా చేస్తుంటే, వాళ్ళని చూసే తీరికెవరికి?"

మాస్టర్ ట్రే నేలకి కొట్టి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. టైలర్ ఇప్పటికీ పొద్దున్నే పరిగెడుతున్నాడు. ఈ మనిషిని చూసి నేనెంత విసుక్కున్నాను, ఎన్ని దెప్పులు దెప్పాను! ఆయన్ని అమాంతం కావలించుకోవాలనిపించింది, కిటికీ ఊచలు అడ్డమొచ్చాయి.

"మరి ఫ్లూటు ఎవరి కోసం?"

మామయ్య మొహం చిన్నబోయింది. "అది నాకే నేర్చుకోవాలనిపించింది. బాగానే వాయించేవాణ్ణిగా?"

"ఎవరికీ చెప్పనులే మామయ్యా" అని మాట మార్చాను.

ఆయన లారీ దగ్గరికి వెళ్ళాక అమ్మ వచ్చింది. వ్యానుని చూసి ఆగిపోయింది.

"ఇలా పెట్టిందెవరే?"

"లారీ డ్రైవర్."

అమ్మ వ్యాను చుట్టూ తిరిగింది. గోడకీ బండికీ మధ్య అరచెయ్యి దూర్చి చూసింది. "అబద్ధం ఆడడం నేర్చుకోవే ముందు" అంది. "గోడకి ఇంత దగ్గరగా ఆపడం వాడికి నేర్పింది నేనే. చిన్నప్పుడు, మా నాన్నకి తెలియకుండా."

"అంటే... నీకు తెలుసా? ఎప్పటి నుంచి?"

"బ్రేకేదని అడిగాడు చూడు, అప్పటి నుంచి."

"మరెందుకు ఊరుకున్నావమ్మా?"

"ముందు ఒళ్ళు మండింది. దిగి వచ్చేద్దామనుకున్నా. ఇంతలో చుట్టూ జనం వాణ్ణి చూసి పడీపడీ నవ్వుతున్నారు. వాడేమో చెమటలు కక్కుతూ వైపర్లు వేసుకుంటున్నాడు. నా కోసం నా తమ్ముడు అంతమందిలో నవ్వులపాలవుతుంటే, నేనింకా భయమని మూల కూర్చుంటే ఎలాగే? సిగ్గేసింది. సరే, కొన్నాళ్ళు తిడదాంలే అనుకున్నా. వానలో దిగిపోతాడని మాత్రం అనుకోలేదు, చచ్చినోడు. అప్పుడు నిజంగానే వణికిపోయాను." ఆవిడ వ్యాను మీద చెయ్యి వేసి నవ్వింది. "అయినా నడిపాను కదే!"

"మామయ్యకి చెప్పనా?"

"చెప్పావంటే ఊరుకోను. పాపం, ఏటేటా ఓడిపోతాడు వెర్రినాయన. ఈ ఒక్క ఏడన్నా నన్ను మోసం చేసి నెగ్గాననుకోనీ."

అంతలో మామయ్య చేతులు దులుపుకుంటూ వచ్చాడు. వ్యానుని అప్పుడే చూసినట్టు మొహం పెట్టి, "ఎవరో భలే పెట్టారే అక్కా!" అన్నాడు.

"అవునురా. నీకు ఏ జన్మకి రావాలి ఇలాంటి పనులు!" అంది అమ్మ.

"రావక్కా" అన్నాడు మామయ్య దీనంగా, నా వైపు తిరిగి కన్నుగీటాడు. ఆయన వెనక నుంచి అమ్మ కూడా నాకు కన్నుగీటింది. ఇద్దరికీ మాటిచ్చిన నేను నవ్వాపుకోలేక గల్లాపెట్టె దగ్గరికి పరిగెత్తాను.