మినుముల కాటా మీద మా వదిన

ఆ రోజుల్లో నేను ఏ సంగతి చెప్పాలన్నా ముందు అక్కడ ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో వరసగా చెప్పి ఆ తర్వాతే అసలు విషయంలోకి వచ్చేవాణ్ణి. వినేవాళ్లు ఈలోగా వెళ్లి కాఫీ తాగి వచ్చేవాళ్లు. ఆ జబ్బు ఇంకా పూర్తిగా తగ్గలేదు కాబట్టి ఇదీ అలాగే మొదలుపెడతాను. తొంభై ఎనిమిది మార్చిలో ఒక ఆదివారం పొద్దున, ఉయ్యూరు దాటాక వచ్చే పల్లెలో, మా పెద్దమ్మ వాళ్ల వాకిట్లో ఉన్నవి: కుట్టిన మినుముల బస్తాలు పదహారు, వాటిని తూచడానికి తెచ్చిన ఇనుప కాటా ఒకటి, నా జేబులో క్యాలిక్యులేటర్ ఒకటి, నాలుగు మడతల ఇంగ్లీషు కాగితం ఒకటి. ఉన్నవాళ్లు: పెద్దమ్మ, వాళ్లబ్బాయి అంటే మా అన్నయ్య, నాలుగో నెల గర్భవతి అయిన మా వదిన, మినుములు కొనడానికి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన సాయిబు గారు, నేను. నేనంటే అప్పటికి బీఎస్సీ, ఆపైన ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా పూర్తిచేసి, విజయవాడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో ఏడాదిగా పనిచేస్తున్న ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి. ఏ అంకె చెప్పినా చుక్క పెట్టి పక్కన ఇంకో అంకె చెప్పందే నిద్రపట్టదని అన్నయ్య నన్ను 'పాయింటు' అని పిలిచేవాడు. (ఊళ్లో సగం మందికి నా అసలు పేరు ఇప్పటికీ తెలియదు.)

నేను ఆ వాకిట్లోకి రావడానికి కారణం ఒక ప్రొటీను. దాని పేరు ఆల్ఫా ఫీటో ప్రొటీన్. కడుపులో బిడ్డ కాలేయం దాన్ని తయారుచేస్తుంది, అందులో కాస్త తల్లి రక్తంలోకి జారుతుంది. ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ జారిందంటే, బిడ్డ వెన్నెముక ఎక్కడో సరిగా మూసుకోలేదేమో అని అనుమానించాలి. అనుమానమే, తీర్పు కాదు. అంతకుముందు ఈ పరీక్షకి రక్తం మద్రాసు పంపేవాళ్లం. ఆ ఫిబ్రవరిలోనే మా ల్యాబుకి మొదటి కిట్ వచ్చింది, దాన్ని చేసే బాధ్యత మా సారు నాకిచ్చాడు. నేను ఎంత పొంగిపోయానంటే, బందరు రోడ్డు మీద సిటీబస్సు కండక్టరుకి కూడా ఈ ప్రొటీను గురించి చెప్పబోయాను. ఆయన చిల్లర ఉందా అని అడిగాడు.

అలాంటిది ఆ కిట్‌లో నేను చేసిన తొలి పరీక్షల్లో ఒకటి మా వదినదే అయింది. రెండేళ్ల కిందట అన్నయ్యకి, వదినకి పుట్టిన మొదటి బిడ్డ వెన్ను తెరుచుకుని ఉండి ఒక్కరోజు మాత్రమే బతికింది. ఆ మాట మా ఇళ్లలో ఎవరూ పైకి అనరు. అందుకే ఈసారి డాక్టరమ్మ గారు పదహారో వారంలోనే రక్తం తీయించి నా దగ్గరికి పంపారు. నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది. మామూలు తల్లికి ఒకటి అనుకుంటే వదినకి రెండు పాయింట్ ఏడు. గీత రెండున్నర దగ్గర ఉంది. గీత దాటితే హైదరాబాదు తీసుకెళ్లి కడుపులోకి సూది వేసి నీరు తీయించాలి. ఆ సూదితో వెయ్యిలో కొందరికైనా గర్భం నిలవదని చెబుతారు. ఆ 'కొందరు' అన్న మాట విన్నాక అన్నయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అయితే ఈ లెక్కలో తల్లి బరువు కూడా కలుస్తుంది. సన్నటి మనిషిలో రక్తం తక్కువ, అదే ప్రొటీను అందులో చిక్కగా కనిపిస్తుంది. గ్లాసుడు మజ్జిగలో వేసిన ఉప్పు, కుండెడు మజ్జిగలో వేసిన ఉప్పు ఒకటే అయినా నాలుక్కి ఒకటి కాదు కదా. ఆస్పత్రి చీటీ మీద వదిన బరువు అరవై ఐదు అని ఉంది. అది చూసి నాకు మతిపోయింది. మా వదిన గాలికి పైట ఎగిరితే మనిషి కూడా పక్కకి జరుగుతుంది. డాక్టరమ్మ గారిని అడిగితే ఆవిడ నవ్వారు. తూకం మిషను ఎక్కనివ్వకుండా అత్తగారు అడ్డం నిలబడి, "అరవై ఐదు వేసుకోండమ్మా, నేను రోజూ చూస్తున్నాగా" అని చెప్పిందట. సరైన బరువు తెస్తే సూది సంగతి మళ్లీ ఆలోచిద్దాం, మంగళవారం లోపు తీసుకురా అన్నారు ఆవిడ నాతో. అలా నేను ఆదివారం పొద్దున మొదటి బస్సుకి బయల్దేరాను.

నేను చెప్పిందంతా విని పెద్దమ్మ చేటలో మినుములు చెరగడం ఆపలేదు. కడుపుతో ఉన్న పిల్లని ఎక్కడన్నా తూస్తారట్రా, తూచింది తరుగుతుంది, మొదటిసారి ఆస్పత్రిలో నెలనెలా తూచబట్టే కదా అంత పనైంది అంది. నేను, అయితే వదిన ఒక్కదాన్నే తూచొద్దు, మీరిద్దరూ కలిసి ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, నేను తీసివేసుకుంటాను అన్నాను. చాలా తెలివైన ఉపాయమనుకున్నాను. పెద్దమ్మ చేట కింద పెట్టి, "నా తూకం సాయిబు గారికెందుకురా?" అంది. సాయిబు గారు వెంటనే వేపచెట్టు వైపు తిరిగి, నేనేం చూడనమ్మా, నేను చూసేది మినుములే అన్నారు. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి, పాయింటూ, చెరకు కాటాకి తీసుకెళ్లి ట్రాక్టరుతో సహా తూయిద్దామా అన్నాడు. (నిజం చెప్పాలంటే నేను దాని గురించి బస్సులోనే ఆలోచించాను. ఆ కాటా ఇరవై కిలోల తేడాని కూడా లెక్కచెయ్యదని వదిలేశాను.) వాడు నవ్వుతున్నాడే గానీ, వాడి చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.

సాయిబు గారు తన పని మొదలుపెట్టారు. బస్తా ఎక్కించడం, గుండు జరపడం, తూకం వాకిలంతా వినపడేలా చెప్పడం. మొదటి బస్తాకి ఒకటి అనకుండా 'లాభం' అనే అన్నారు, అందరిలాగే. నాలుగో బస్తా యాభై కిలోల నాలుగు వందలు తూగింది. దాన్ని దించబోతుంటే, అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న వదిన లేచి వచ్చింది. "కాళ్లు లాగుతున్నాయి అత్తయ్యా, కాసేపు కూర్చుంటాను" అని, కాటా మీదున్న ఆ బస్తా మీదే కూర్చుంది.

తూచేది బస్తానే, మనిషిని కాదు. పెద్దమ్మ చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. సాయిబు గారు ఏమీ ఎరగనట్టు గుండు జరిపారు, ఇంకాస్త జరిపారు. పొద్దుటి నుంచి ప్రతి అంకెనీ కేకేసి చెప్పిన మనిషి ఆ ఒక్కటీ పైకి చెప్పలేదు. నన్ను వేలితో పిలిచి చూపించారు. తొంభై నాలుగు కిలోల రెండు వందలు.

నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. వెంటనే తీసివేయకుండా, వదిన చేతుల గాజుల బరువు కూడా తీసెయ్యాలి కదా, అవెంత ఉంటాయి అని అడిగాను. అప్పటిదాకా కోడలి తూకం ఎవరికీ తెలియకూడదని పట్టుబట్టిన పెద్దమ్మ, వీధిలో పోయేవాళ్లకి కూడా వినబడేలా, "ఎనిమిది కాసులు! పెళ్లిలో మేము పెట్టినవే, ఒక్క రవ్వ కూడా కల్తీ లేదు" అంది. అరవై నాలుగు గ్రాములు. అది తీసేసినా తీసెయ్యకపోయినా లెక్క మారదని నాకు తెలుసు, అయినా తీసేశాను. నలభై మూడు పాయింట్ ఏడు.

నేను ఆ అంకె చెప్పగానే పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "కోడల్ని ఎండబెట్టానని అనుకుంటారని అలా చెప్పానురా" అంది. దిష్టి భయం సగమేనన్నమాట, మిగతా సగం ఇది. వదిన బస్తా మీంచి దిగకుండానే, "మీరు పెట్టలేదని ఎవరంటారు అత్తయ్యా. ఇమడక గానీ" అంది. మూడు నెలలుగా ఆవిడ తిన్నది తిన్నట్టు కక్కుతోందని, పెద్దమ్మ మళ్లీ మళ్లీ వండిపెడుతోందని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఇంగ్లీషు కాగితం మడతలు విప్పి, బరువుల పట్టిక చూసి, నిలబడే లెక్క కట్టాను. ఒకసారి, మళ్లీ ఒకసారి. రెండు పాయింట్ రెండు. గీతకి ఇవతల. గొంతు సవరించుకుని కాలేయం దగ్గర మొదలుపెట్టాను. ప్రొటీను వదిన రక్తంలోకి రాకముందే పెద్దమ్మ ఆపేసింది.

"బిడ్డ బాగున్నట్టా, లేనట్టా? అది చెప్పు."

"బాగాలేదని అనుకోవడానికి ఆధారం లేదు పెద్దమ్మా."

"వాడి భాషలో అది శుభవార్తేలేవే అమ్మా," అన్నాడు అన్నయ్య. అని అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎండ ఇంకా అంత ముదరలేదు.

సోమవారం పొద్దున్నే కాగితం డాక్టరమ్మ గారి బల్ల మీద పెట్టాను. ఎలా తూచావయ్యా అని అడిగారు. మినుములతో అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని లెక్క చూసి, సూది వద్దు, ఇరవయ్యో వారంలో స్కానింగులో వెన్ను జాగ్రత్తగా చూద్దాం అన్నారు. చూశారు. పూసలన్నీ మెడ నుంచి నడుం దాకా ఒక్కటీ విడకుండా మూసుకుని ఉన్నాయి. శ్రావణంలో అమ్మాయి పుట్టింది. అన్నయ్య ఎస్టీడీ బూత్ నుంచి ల్యాబుకి ఫోన్ చేస్తే, అందరూ అడిగేది అడగకుండా నేను వెన్ను ఎలా ఉంది అని అడిగాను. నున్నగా ఉందిరా అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం ల్యాబులో అందరికీ మైసూర్ పాక్ పంచాను, అది నా సొంత బిడ్డేమోనని మా సారు అనుమానపడేంతగా.

ఇప్పుడు ఆ లెక్కలన్నీ కంప్యూటరే చేస్తుంది. మా కుర్రాళ్లు అంకెలు కొట్టి ఊరుకుంటారు, ఎవరికీ గొంతు సవరించుకోవాల్సిన పని లేదు. మినుముల బస్తాల మధ్య నిలబడి అరవై నాలుగు గ్రాముల కోసం అందరినీ ఆపేసిన ఆ బక్కపల్చటి కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గూ, దానికి రెండు పాయింట్ రెండింతలు గర్వమూ కలుగుతాయి. అంత నమ్మకంగా దేన్నయినా కొలిచి చాలా కాలమైంది. మొన్న ఊరెళితే, వాకిట్లో సైకిలు తొక్కుతున్న పిల్ల నన్ను చూసి, బాబాయ్ పక్కకి తప్పుకో అని అరుస్తూ, వీపు నిటారుగా పెట్టుకుని దూసుకుపోయింది. దానికిప్పుడు పదేళ్లు.