యన్‌జూ నమ్మని శిఖరం

సియోల్‌లోని ఆ ప్రయోగశాలలో బాంగ్ యన్‌జూని మెచ్చుకునేవాళ్ల కంటే, చూసి జంకేవాళ్లే ఎక్కువ. ఎండుచేపల దుకాణంలో పెరిగిన మనిషి. చేతికి ఏమిచ్చినా, మంచిదో కుళ్లిందో అని ముందు వాసన చూస్తుంది.

ఆమె పనంతా ఒకే ఒక్క టైటానియం పరమాణువుతో. పలుచని పొర మీద కూర్చున్న ఆ పరమాణువు మీదికి సన్నని సూది మొన తెచ్చి, తీగ గుండా రేడియో తరంగాలు పంపుతుంది. సరైన తరంగం తగిలితే పరమాణువులోని స్పిన్, అంటే దాని బుల్లి అయస్కాంతం, తిరగబడుతుంది. తెర మీద గీత శిఖరంలా లేస్తుంది. ఆ శిఖరం వస్తేనే డాక్టరేట్. ఏళ్ల తరబడి రానిది, ఆ శుక్రవారం వచ్చింది.

ప్రొఫెసర్ అందరికీ, బల్ల మీదే కాల్చుకు తినే పంది మాంసం విందు ఇచ్చాడు. యన్‌జూ మాత్రం ఎదురుగా కూర్చున్న జూనియర్ మేంగ్ హోసిక్‌నే చూస్తోంది.

“నేను సెలవులో ఉండగా తీగ మార్చావు కదూ?”

“పాతది పాడైందక్కా. చెప్పాగా.”

“ఇన్నాళ్లూ లేనిది, తీగ మారగానే ఎలా వచ్చిందిరా?”

“అదృష్టమక్కా! ముందు ఆ ముక్క తిప్పు, బొగ్గవుతోంది.”

అదృష్టం మీద ఆమెకు నమ్మకం లేదు. ఒక్కోసారి తీగలోనే తరంగాలు పొంగుతాయి. అది చూసి పరమాణువే పలికిందని మురిసి, నవ్వులపాలైనవాళ్లున్నారు. తేల్చుకోవాలంటే అయస్కాంత క్షేత్రం మార్చాలి. శిఖరం పరమాణువుదైతే పక్కకు జరుగుతుంది, తీగదైతే కదలదు. కానీ మార్చేటప్పుడు సూది కాస్త అదిరినా, స్పిన్‌ని పసిగట్టడానికి మొనకు అతికించిన ఇనుప పరమాణువులు చెదిరిపోతాయి. అలాంటి మొన మళ్లీ కుదరడం గగనం.

“వద్దక్కా, దండం పెడతాను. అందరూ నమ్మారుగా. నీకెందుకీ రోగం?”

“అందరూ అంత తేలిగ్గా నమ్మారనే.”

సోమవారం పొద్దున, పక్కగదిలో నడిచేవాళ్లని కూడా ఆపించి, క్షేత్రం మార్చింది. శిఖరం జరిగింది, లెక్క చెప్పిన చోటికే. హోసిక్ కేక వేయబోయి నోరు నొక్కుకున్నాడు. అంతలోనే గీత వణికి చదునైపోయింది. మొన పోయింది.

ప్రొఫెసర్ రెండు శిఖరాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

“గ్రాఫులో పెడితే ఇవి రెండే చుక్కలమ్మా. ఏ రెండు చుక్కలనైనా గీతతో కలపొచ్చు. పైగా తీగ మారిందంటున్నావు. ఎలా నమ్మమంటావు?”

“శుక్రవారం ఒక్క చుక్కకే నమ్మారు కదండీ?”

“అప్పుడు నువ్వు అనుమానం బయటపెట్టలేదుగా.”

డాక్టరేట్ వచ్చే ఏటికి జరిగింది.

“ఇప్పుడు తృప్తిగా ఉందా అక్కా?” అన్నాడు హోసిక్, మెట్ల మీద.

“ఉందిరా. అది పరమాణువుదే,” అని, కొత్త మొన కోసం ఇనుము వెతకడానికి కిందికి దిగింది యన్‌జూ.