గోడ పెంచిన సార్

మా యూనివర్సిటీ క్రీడావిభాగానికి పెద్దదిక్కయిన డైరెక్టర్ సార్ మెడలో విజిల్ ఉండేది. దాని పక్కనే గ్రౌండు తాళంచెవి వేలాడేది. నేను రన్నింగ్ టీమ్‌లో ఉన్నన్నాళ్లూ ఆ విజిల్ మోత వినలేదు. తాళంచెవిని మాత్రం ఆయన మాట్లాడినంతసేపూ వేలికి తిప్పుతూనే ఉండేవాడు.

"మీరు ఉరికితే గడ్డి ఖరాబైతది. రేపు ఇన్‌స్పెక్షనోళ్లు వస్తే ఏం జూపియ్యాలె?" అనేవాడు.

అందుకని మేము నారాయణగూడ ఫ్లైఓవర్ కింద, ఆటోలు మీదికి రాకుండా చూసుకుంటూ, జాతీయ స్థాయికి ఎదిగే ప్రయత్నం చేసేవాళ్లం.

మాలో ఒక్కతే నిజంగా ఎదిగింది. అశోక్‌నగర్ బస్తీ పిల్ల. జాతీయ పోటీల్లో పరుగుపందెంలో బంగారు పతకం తెచ్చింది. సన్మానసభలో సార్ ఆమె పక్కన నిలబడి, "ఈ బిడ్డను మన గ్రౌండ్లనే తయారుజేసిన" అన్నాడు.

ఆమె మైకు అందుకుంది. "నిజమే సార్. రోజూ పొద్దుగాల గోడ దుంకి లోపలికొస్తుంటి. వాచ్‌మన్ అన్న కట్టె పట్టుకొని ఎంబడి పడుతుండె. గట్లనే స్పీడొచ్చింది."

హాలంతా నవ్వింది. సిగ్గుపడైనా ఇక గేటు తీయిస్తాడనుకున్నాం. ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వారం తిరక్కుండా గోడ మీద కొత్త ఇటుకలు లేచాయి.

"ఇదేంది సార్?" అని అడిగాను.

ఆయన తాళంచెవి తిప్పుతూ గోడ ఎత్తును మురిపెంగా చూసుకున్నాడు.

"ఈసారి హైజంప్‌ల గూడ మెడల్ కొట్టాలె."