వంతెన మీద ఆగిన బస్సు

కాగితం మిల్లు మూతపడ్డాక హార్లన్ ఫెర్రీ ఊరికి అన్నం పెట్టేది స్టేట్ యూనివర్సిటీ ఒక్కటే. మిల్లులో పంతొమ్మిదేళ్ళు చేసిన రోమన్ వాసెక్ కూడా చివరికి అక్కడే బస్సు డ్రైవరుగా చేరాడు. ఉద్యోగుల పిల్లలకు ఫీజు సగమే. అందుకే కొడుకు డెరిక్‌ని అక్కడే చేర్పించాడు. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు వాడే.

రెండో ఏడు జనవరిలో డెరిక్ స్నేహితులతో బాగా తాగి వంతెన మీదుగా నడిచి వస్తూ నదిలో పడిపోయాడు. చలికి ఆగలేక మిగతావాళ్ళు ముందే వెళ్ళిపోయారు. పదకొండు రోజులకు, నది మీద గడ్డకట్టిన మంచు విరిగాక, శవం దొరికింది.

రోమన్ సెలవు పెట్టింది మూడు వారాలే. ఆ తర్వాత రోజుకు ఎనిమిదిసార్లు ఆ వంతెన దాటుతూనే ఉన్నాడు.

ఆగస్టులో కొత్త పిల్లలనూ తల్లిదండ్రులనూ ఊరంతా తిప్పి చూపించే పని అతనికే పడింది. పక్కన మైకు పట్టుకుని కెండ్రా అనే విద్యార్థిని లైబ్రరీ, స్టేడియం, మంచి పిజ్జా దొరికే వీధి, అన్నీ హుషారుగా చెబుతోంది. బస్సు వంతెన ఎక్కగానే నదిలో పడవ పందేల గురించి అందుకుంది.

ముందు సీట్లోని ఒక తల్లి అడిగింది. "అమ్మాయ్, ఇక్కడ పిల్లలకి భయమేం లేదు కదా?"

"ఏం లేదండీ, చాలా సేఫ్," అంది కెండ్రా, చేతిలోని కాగితం చూసుకుంటూ.

రోమన్ బస్సు పక్కకు తీసి ఆపాడు. "ఆ మైకు ఇలా ఇవ్వమ్మా."

ఆ పిల్ల బిత్తరపోయి ఇచ్చింది.

"మావాడు ఇక్కడే పడిపోయాడు," అన్నాడతను, అద్దంలోంచి ఎవరినీ చూడకుండా. "పంతొమ్మిదేళ్ళు. తాగున్నాడు. తోడొచ్చినోళ్ళు వదిలేసి పోయారు. బాబూ, మీరు తాగితే తాగండి. ఒక్కణ్ణి మాత్రం వదిలేసి రాకండి."

వెనకనుంచి ఒక తండ్రి, "మేం వచ్చింది ఇది వినడానికా? పోనియ్యవయ్యా," అన్నాడు. ప్రశ్న అడిగిన తల్లి తన కొడుకు చెయ్యి పట్టుకుని కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

మర్నాడు సూపర్‌వైజర్ గ్లెన్ పిలిపించాడు. "నీ బాధ నాకు తెలుసు రోమన్. కానీ నాలుగు ఫిర్యాదులొచ్చాయి. నేనేం చెయ్యను, చెప్పు?"

"నువ్వేం చెయ్యక్కర్లేదులే."

అతన్ని స్టీరింగు మీదనుంచి దించి, షెడ్డులో బస్సులు కడిగే పనికి వేశారు. పర్యటన బస్సు దారి మార్చారు. ఇప్పుడది వంతెన దాకా పోదు.

ఆ సాయంత్రం భార్య జోయన్ సూపు వడ్డిస్తూ అడిగింది. "అందరి ముందూ చెప్పావంటగా?"

"ఆఁ."

"వాడి పేరు చెప్పావా?"

రోమన్ చెంచా కింద పెట్టాడు. "నోరు రాలేదు."

"చెప్పాల్సింది," అని ఆమె తన గిన్నె తీసుకుని ఎదురుగా కూర్చుంది. సూపు చల్లారేదాకా ఇద్దరూ ముట్టుకోలేదు.