పారేసిన మొదటి పరుగు

ఆఫీసులో అతన్ని అందరూ స్టాప్‌వాచ్ అనేవారు. పద్దెనిమిదేళ్లుగా ఒకటే పని: డేటాబేస్‌కి కొత్త కాపలా ఏదైనా తగిలిస్తే, దానివల్ల పని ఎంత మందగిస్తుందో కొలిచి ఒక అంకె చెప్పడం. అంకె చిన్నదైతే కాపలా ఉంటుంది, పెద్దదైతే ఊడుతుంది. ఎటు పోయినా తిట్లు మాత్రం ఇతనికే. విసిగి వేసారి, పాపం, వాటిని పట్టించుకోవడం కూడా మానేశాడు.

ఈసారి వచ్చింది ఆసుపత్రి సాఫ్ట్‌వేర్. ఏ ఉద్యోగికి ఏ రోగి ఫైలు చూసే హక్కుందో తెరిచేముందు సరిచూసే కాపలా. ఎప్పటిలాగే సాఫ్ట్‌వేర్‌ని పదకొండుసార్లు నడిపి, యంత్రం కుదురుకోదని మొదటి పరుగు లెక్కలోంచి పారేసి, తర్వాతి పది పరుగులు కొలిచాడు. మందగింపు మూడు శాతం. పది శాతం దాటితే పీకేద్దామనుకున్న మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు.

వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. ఆమె ఆ ఆసుపత్రిలోనే రిజిస్ట్రేషన్ కౌంటర్లో కూర్చుంటుంది. పొద్దున్నే ఒక్కో ఫైలు తెరుచుకునేసరికి తలప్రాణం తోకకొస్తోందనీ, వరుసలో జనం దుమ్మెత్తిపోస్తున్నారనీ, ఓ గంట గడిచాక మామూలైపోతోందనీ వాపోయింది.

అతను వెంటనే తన పాత కొలతలు తీసి చూశాడు. ఒకసారి సరిచూసిన హక్కులు యంత్రానికి ఆ రోజంతా గుర్తుంటాయి. అందుకే తర్వాతి పరుగులన్నీ చకచకా సాగాయి. బరువంతా మోసింది తను పారేసిన మొదటి పరుగే. దాన్ని కొలిస్తే నలభై శాతం తేలింది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజం రాస్తే కాపలా పీకేస్తారన్నాడు. కిందటేడు అక్క ఆ ఆసుపత్రిలోనే రొమ్ముకు ఆపరేషన్ చేయించుకుంది. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. కాపలా లేకపోతే ఆ ఫైలు కౌంటర్లో ఎవరైనా తెరవొచ్చు.

"జనం తిడితే పడతాన్రా," అంది అక్క. "పక్క కుర్చీవాళ్లు నా ఫైలు చూసి జాలిపడితే మాత్రం తట్టుకోలేను. అలాగని నువ్వు అబద్ధం రాయకు."

మర్నాడు నలభై అనే రాశాడు. కౌంటర్ తెరవకముందే హక్కులన్నీ ఒకసారి సరిచూసేస్తే మూడు శాతమేనని కింద చేర్చాడు. పద్దెనిమిదేళ్లలో అంకె తప్ప ఇంకో మాట రాయడం అదే మొదలు. మేనేజరు చదివి, సరే ఉంచుదాం గానీ, దగ్గరుండి చూసే మనిషి లేకుండా ఆసుపత్రివాళ్లు ఒప్పుకోరు, రోజూ పొద్దున్నే ఆ పని ఎవరు చేస్తారన్నాడు.

ఇంకెవరున్నారు? ఇప్పుడతను ఆరింటికే లేచి, ఆవలిస్తూ ఆసుపత్రికి వెళ్లి, ఆ మొదటి పరుగు తనే నడిపిస్తున్నాడు. తొమ్మిదింటికి అక్క వచ్చి కౌంటర్లో కూర్చుంటుంది. పక్క కుర్చీవాళ్లు ఆమెను ఇంకా మామూలుగానే ఆటపట్టిస్తున్నారు.